పున్నారావు చెంబు

కార్తీక శుద్ధ పాడ్యమి
రాలిన రెమ్మలు: 36. మట్టిలో ఉప్పు: 7.1. వచ్చిన కుటుంబాలు: 30.

పై మూడు అంకెలు ఆఫీసుకు. కింద రాసేదంతా నాకు. ఈ పుస్తకాన్ని ఏడాదికోసారి తెరుస్తారు, తెరిచినా అంకెలే చూస్తారు. కాబట్టి భయం లేదు.

తెల్లవారుజామున నాలుగున్నరకి పార్కు గేటు తీశాను. ఎనిమిదింటికి ఎండ సైరన్ మోగేలోపు ముప్పై కుటుంబాలూ వండుకుని, తిని, పిల్లల్ని ఆడించుకుని, ఎవరి టవర్లలోకి వాళ్లు వెళ్లిపోవాలి. ఇళ్లలో పొయ్యి వెలిగించకూడదు. అందుకని ఒక్కో ఇంటికి ఏడాదికి ఒక్క పూట ఇక్కడ వంతు. వన్‌టౌన్ నడిబొడ్డున, తెల్లటి వల నీడన, ఈ ఉసిరి చెట్టు కింద, చేత్తో వండిన తిండి. మిగతా మూడొందల అరవై నాలుగు రోజులూ డబ్బా తిండే.

వండటం ఎవరికీ రాదు. ఒకావిడ పులిహోర తాలింపులో ఆవాలు వేసి కంగారుగా నన్ను పిలిచింది.

"అమ్మాయ్, ఇవి ఎగురుతున్నాయేంటి? పాడైపోయినయ్యా?"

పక్క చాప మీది ముసలాయన నవ్వాడు. "ఎగరకపోతే పాడైనట్టు తల్లీ."

తినబోయే ముందు ప్రతి ఇంట్లో పెద్దవాళ్లు ఒక చెంబు తాగే నీళ్లు తీసుకుని చెట్టు మొదట్లో పోస్తారు. ఒక చెంబంటే ఒక మనిషికి ఒక పూట వాటా. పోసినవాళ్లు మధ్యాహ్నం దాకా గొంతు తడుపుకోకుండా ఉండాలి. పోస్తూ పైకి అంటారు: "పున్నారావు వాటా."

పున్నారావు మా నాన్న.

నాకు పదకొండేళ్లప్పుడు వల మీద మంచు పట్టడం ఆగిపోయింది. ఆ మంచు నీళ్లతో నిండే చెట్టు ట్యాంకు ఎండిపోయింది. నాన్న నలభై రోజులు చెంబుతో నీళ్లు పోసి దీన్ని బతికించాడు. నలభై ఒకటో రోజు ఎండలో పడిపోయి మరి లేవలేదు. ఆయన కూతుర్ని కాబట్టే మట్టిశాస్త్రం చదివి బయటికొచ్చిన వారానికే నాకీ ఉద్యోగం ఇచ్చారు. రెండేళ్లుగా రెమ్మలు లెక్కపెడుతున్నాను. లంబసింగి విత్తనాల కేంద్రానికి దరఖాస్తు పెట్టాను. అమ్మకి చెప్పలేదు.

ఉప్పు అంకె నాలుగు దాటకూడదు. పోయినేడు 5.8 చూపిస్తే, మీటరు పాడైంది, కొత్తది పంపండి అని రాశాను. కొత్తది నిన్న వచ్చింది.

తదియ
రాలిన రెమ్మలు: 41. మట్టిలో ఉప్పు: 7.1. వచ్చిన కుటుంబాలు: 30.

ఆఫీసు నుంచి సునందా మేడం ఫోన్.

"వకుళా, పౌర్ణమి పొద్దున నేనే వస్తున్నాను. చెట్టు బతికుందని సంతకం పెడితేనే వల ఉంటుంది. అవతల మూడు వార్డులు ఆ వల కోసం క్యూలో ఉన్నాయి."

"చెట్టు పోయినా జనం వస్తారు కదా మేడం. నీడ ఉంటే చాలు వాళ్లకి."

"వల వేసింది చెట్టుకోసమమ్మా. మనుషుల కోసం వెయ్యాలంటే ఈ ఊరంతా వెయ్యాలి."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అందుకే ఫోన్ పెట్టేశాక చాలాసేపు చికాకుగా ఉండిపోయాను.

పంచమి
రాలిన రెమ్మలు: 58. మట్టిలో ఉప్పు: 7.3. వచ్చిన కుటుంబాలు: 30.

సైరన్ మోగి అందరూ వెళ్లాక చెట్టు మొదట్లో జానెడు లోతు తవ్వాను. మట్టి ముద్దగా రాలేదు. అంచున తెల్లగా పొడి, పాత గోడకి పట్టిన సున్నంలా. నాలుక మీద వేసుకుంటే కటిక ఉప్పు.

ఆ తర్వాత కొత్త మీటరుని కుళాయి కింద పెట్టాను. ఎందుకు పెట్టానో తెలియదు, ఊరికే. కుళాయి నీళ్లలో కూడా ఉప్పు చూపించింది. లీటరుకి ఒకటిన్నర గ్రాము. సముద్రం బ్యారేజీ దాకా వచ్చి ఇరవై ఏళ్లయింది కాబట్టి అది వింతేమీ కాదు. చదువుకున్నదే. కానీ నా నాలుకకి ఏనాడూ తెలియలేదు. ఊహ తెలిసినప్పటి నుంచి తాగుతున్నవి అవే.

లెక్క వేశాను. రోజుకి ముప్పై చెంబులు, పన్నెండేళ్లు. లక్షా ముప్పై వేల చెంబులు. నీళ్లు ఎండకి ఇగిరిపోయాయి, ఉప్పు ఉండిపోయింది. దాదాపు నాలుగు బస్తాలు.

ఎవడైనా ఒకరోజు నాలుగు బస్తాల ఉప్పు తెచ్చి చెట్టు మొదట్లో కుమ్మరిస్తే పోలీసుల్ని పిలిచేవాళ్లం. చెంబుల్లో పోశారు కాబట్టి దండం పెట్టాం.

ఉసిరి చౌడునేలకి ఓర్చుకునే చెట్టు. ఇన్నేళ్లూ ఓర్చుకుంది. అందుకే ఎవరికీ తెలియలేదు.

ఏసోబు బాబాయికి చూపించాను. ముప్పై ఏళ్లుగా ఈ పార్కులో పొయ్యిలు కడిగి, చాపలు దులిపేది ఆయనే. ఆ తెల్లపొడిని వేళ్లతో నలిపి, వాసన చూసి, లుంగీకి తుడుచుకున్నాడు.

"ఎవరికీ చెప్పమాక అమ్మాయ్."

"చెప్పకపోతే చచ్చిపోతుంది బాబాయ్."

"నేను ఆదివారం చర్చికి పోయేవోణ్ణి. అయినా ప్రతేడూ నా వంతుకి పోశాను పున్నారావు వాటా. నోరెండగట్టుకుని పోశాను. ఇప్పుడొచ్చి నువ్వు పోసింది విషమంటే, నేనేమైపోవాలి?"

సప్తమి
రాలిన రెమ్మలు: 77. మట్టిలో ఉప్పు: 7.4. వచ్చిన కుటుంబాలు: 30.

చెప్పాను. బట్టతల పెద్దమనిషి ఒకాయన చెంబు ఎత్తబోతుంటే చెయ్యి అడ్డం పెట్టాను. ఉప్పు సంగతి, మట్టి సంగతి వివరించాను. చుట్టూ చాపలవాళ్లు కూడా లేచి వచ్చారు. చెట్టుకి ఏదైనా పోయాలనుంటే మిషను నీళ్లు పొయ్యండి, వాటిలో ఉప్పుండదు అన్నాను.

మిషను నీళ్లంటే ప్రతి ఇంట్లో చల్లదనం మిషను కిందికి వదిలే చుక్కలు. గాలిలోని తేమ అది. రోజుకో బకెట్ వస్తుంది. దాన్ని బాత్రూంలో పెట్టుకుని కక్కసులో కొట్టడానికి వాడతారు.

"కక్కసు నీళ్లా?" అన్నాడు పెద్దమనిషి. "కార్తీకమాసంలో, ఉసిరి చెట్టుకి?"

"అవే మంచివండీ. కావాలంటే రుచి చూడండి." ఆఫీసు గది మిషను నుంచి పట్టిన గ్లాసు అందించాను. ఆయన తీసుకోలేదు. ఆయన కోడలు మాత్రం తీసుకుని ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"చప్పగా ఉన్నాయి. అసలేమీ లేదు వీటిలో. ఇవేం నీళ్లు?"

అందరూ నవ్వారు. నవ్వు ఆగాక పెద్దమనిషి నెమ్మదిగా అన్నాడు: "చూడమ్మా. మేం తాగేవే పోస్తున్నాం. నా మనవరాలు తాగేవే. వాటితో చెట్టు చస్తుంటే, మేమెట్టా బతుకుతున్నాం?"

చుట్టూ ఉన్న మొహాలు చూశాను. పెదాలు పగిలి, కళ్ల కింద ఉబ్బి. ఇన్నాళ్లూ ఎండ వల్ల అనుకున్నాను.

"పున్నారావు గారి కడుపున పుట్టి ఈ మాటలా," అని ఎవరో వెనక నుంచి అన్నారు. పెద్దమనిషి నా చెయ్యి పక్కకి తోసి నీళ్లు పోశాడు. "పున్నారావు వాటా" అన్నాడు, నాకు వినపడేలా, గట్టిగా.

ముప్పై కుటుంబాలూ పోశాయి.

దశమి
రాలిన రెమ్మలు: 90. మట్టిలో ఉప్పు: 7.6. వచ్చిన కుటుంబాలు: 30.

నా మాట వినరు. అమ్మ మాట వింటారు. పున్నారావు భార్య సుభాషిణి అంటే ఈ వన్‌టౌన్‌లో లిఫ్టు ఆపి మరీ ఎక్కించుకుంటారు. ప్రతేడూ చతుర్దశి వంతు ఆవిడది. ఆ రోజు మొదటి చెంబు ఆవిడ పోస్తేనే మిగతావాళ్లు పోస్తారు.

మధ్యాహ్నం డబ్బాలు తెరిచాక చెప్పాను. అంకెలు చెప్పాను, బస్తాల లెక్క చెప్పాను. అమ్మ ముద్ద కలుపుతూ వింది. కలుపుతూనే ఉంది. నోట్లో పెట్టుకోలేదు.

"అంటే మీ నాన్న చంపాడంటావా చెట్టుని?"

"నాన్న నలభై రోజులే పోశాడమ్మా. ఆ కాస్తకీ ఏమీ కాదు. తర్వాత పన్నెండేళ్లు..."

"ఆయన పేరు చెప్పే కదా పోశారు."

లేచి చెయ్యి కడుక్కుంది. నాన్న ఇత్తడి చెంబు అలమరాలోంచి తీసి, చింతపండు లేకపోయినా ఉత్తి గుడ్డతోనే తోమడం మొదలుపెట్టింది. సాయంత్రం దాకా తోమింది. నేను కూడా కోపంగానే ఉన్నాను. ఎవరి మీదో తెలియదు.

ద్వాదశి
రాలిన రెమ్మలు: 104. మట్టిలో ఉప్పు: 7.7. వచ్చిన కుటుంబాలు: 30.

పార్కు నుంచి వచ్చేసరికి అమ్మ బాత్రూం గుమ్మంలో కూర్చుని ఉంది. లోపల బకెట్లో మిషను చుక్కలు టపటపమంటున్నాయి.

"మీ నాన్న తన నీళ్లు తనే తాగేవాడు," అంది, నావైపు చూడకుండా.

నేను చెప్పులు విప్పుతూ ఆగిపోయాను.

"ఆ ఏడాది మన టవర్లో మిషన్లన్నీ రిపేరు చేసేది ఆయనే గదా. నువ్వు బడికి పోయాక ఇంటింటికీ పోయి, మిషను కడగటానికని ఈ బకెట్లు అడిగి తెచ్చేవాడు. లిఫ్టులో ఎక్కించనివ్వరని రెండు చేతులా పట్టుకుని పదకొండు అంతస్తులూ మెట్ల మీదే దిగేవాడు. పార్కు గేటు కాడ చెంబులోకి వంపుకుని పోసేవాడు. అన్నీ బకెట్టుతో గుమ్మరిస్తే మట్టి కొట్టుకుపోద్దని. చూసినోళ్లకి చెంబే కనపడింది."

"మరి తాగే నీళ్లని ఎవరన్నారు?"

"నేనే అన్నాను."

ఒక కాలి చెప్పుతోనే ఆవిడ పక్కన కూర్చున్నాను.

"ఆయన్ని ఇంకా చాప మీదే పడుకోబెట్టి ఉంది. జనం చుట్టూ మూగారు. ఒకావిడ అడిగింది, ఏ నీళ్లు పోశాడమ్మా ఇన్నాళ్లూ అని. ఏం చెప్పను? కక్కసు నీళ్లు మోస్తా ఎండకి పడిపోయాడని చెప్పనా? పూజ చేసే చెట్టుకి కక్కసు నీళ్లు పోశాడని చెప్పనా? తన గొంతు తడుపుకోకుండా పోశాడన్నాను. ఒక్క మాటేనే. మర్నాడు చూస్తే పదిమంది చెంబులతో నిలబడి ఉన్నారు."

"అప్పుడైనా చెప్పొచ్చు కదా."

"చెప్పొచ్చు." అమ్మ మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచింది. "ఆయన పేరు రోజుకి ముప్పైసార్లు వినపడతా ఉంటే, చెప్పబుద్ధి కాలా."

చతుర్దశి
రాలిన రెమ్మలు: 109. మట్టిలో ఉప్పు: 7.7. వచ్చిన కుటుంబాలు: 30.

మా వంతు.

అమ్మ పులిహోర కలిపింది. పోపు మాడింది. ఏసోబు బాబాయి మా చాపని అందరికీ కనపడేలా ముందు వేశాడు, ప్రతేడూ వేసే చోటే. ఇరవై తొమ్మిది కుటుంబాలవాళ్లు చెంబులు పట్టుకుని లేచి నిలబడ్డారు, అమ్మ మొదలుపెట్టాలని. ఒక పిల్ల ఉయ్యాల దిగనంటే తల్లి దాని నెత్తి మీద ఒకటి వేసి మరీ లాక్కొచ్చింది.

అమ్మ నాన్న చెంబు ఎత్తింది. ఎత్తి, తాగింది. ఆగకుండా అంతా తాగింది. గడ్డం మీంచి నీళ్లు జారి జాకెట్టు తడిసింది. పన్నెండేళ్లలో చతుర్దశి పూట ఆవిడ నీళ్లు తాగడం నేను చూడలేదు.

"మా ఆయన ఏనాడూ దప్పికతో ఉండలా," అంది. వెనక వరసకి కూడా వినపడింది. "తన వాటా తనే తాగాడు. చెట్టుకి పోసింది మిషను నీళ్లు. మన కక్కసుల్లో కొట్టే నీళ్లు. తాగే నీళ్లని నేనే అబద్ధం చెప్పా. ఈ నీళ్లలో ఉప్పుందంట. మా అమ్మాయి చెప్పింది నిజం. పొయ్యమాకండి."

ఒక ముసలావిడ ముందుకొచ్చింది.

"గుండెనొప్పి మనిషిని. డాక్టరు నీళ్లు మానొద్దన్నాడు. అయినా పన్నెండేళ్లు పోశాను. ఏంటి తల్లీ, మమ్మల్ని వెర్రోళ్లని చేశావా?"

అమ్మ తల వంచుకుంది. "చేశానక్కా."

"ఆ మాట నీ నోటితో అనకుండా ఉంటే బాగుండేది," అని ఆవిడ వెనక్కి తిరిగింది. తన చాప దగ్గరికి పోకుండా నేరుగా చెట్టు దగ్గరికి వెళ్లి చెంబెడూ పోసింది. ఏమీ అనకుండా పోసింది.

లెక్కపెట్టాను, అది నా ఉద్యోగం కాబట్టి. పదకొండు కుటుంబాలు పోశాయి. పద్దెనిమిది పోయలేదు. పోసినవాళ్లలో ఎవరూ నాన్న పేరు చెప్పలేదు. పోయనివాళ్లూ చెప్పలేదు.

మాడిన పులిహోర మేమిద్దరమే తిన్నాం. ఏసోబు బాబాయి దగ్గరికొచ్చి కూర్చుని, "నాకూ ఇంత పెట్టు సుభాషిణమ్మా," అన్నాడు. అమ్మ మాడని చోటు ఏరి ఆయనకి పెట్టింది.

పౌర్ణమి
రాలిన రెమ్మలు: 112. మట్టిలో ఉప్పు: 7.9. వచ్చిన కుటుంబాలు: 30.

సునందా మేడం గోటితో బెరడు గీకింది. తూర్పువైపు కొమ్మల్లో కింద పచ్చగా ఉంది. పడమటివైపు గోధుమరంగు, పొడిపొడిగా.

"సగం బతికుంది," అంది. ఫారం తిప్పి చూసింది. "సగానికి ఇందులో గడి లేదు."

దాచలేదు, ఉప్పు సంగతి అంతా చెప్పాను. ఆవిడ వింది, కుళాయి నీళ్ల గురించి చెప్పినప్పుడు మాత్రం రాసుకోవడం ఆపింది. "ఆ ముక్క నీ పుస్తకంలో ఉందా?"

"ఉంది మేడం."

"ఉండనీ. నేను చదవలేదు."

ఫాల్గుణంలో చిగురొస్తే వల ఉంటుంది. రాకపోతే తీసేస్తారు. అప్పటిదాకా చెట్టు పనికి తప్ప మనుషులు లోపలికి రాకూడదు. వంతులన్నీ రద్దు.

గేటుకి కాయితం అంటించింది నేనే. రేపటి వంతువాళ్లు సామాను ముందే దించి పోదామని వచ్చి చదివి, బియ్యం సంచి చేతిలో పట్టుకుని అలాగే నిలబడ్డారు. "మా అబ్బాయి ఏడాది నుంచి ఉయ్యాల ఉయ్యాల అంటున్నాడండీ," అంది ఆవిడ. ఆవిడ భర్త, "పద, సుభాషిణమ్మ వాళ్లాయన పేరు నిలబెట్టుకోడానికి మన పూట పోయింది," అన్నాడు. నేను పున్నారావు కూతుర్నని ఆయనకి తెలుసు. తెలిసే అన్నాడు.

బహుళ షష్ఠి

అయిదు రోజులు ఏమీ రాయలేదు. ఈ రోజు అంకెలు కింద వేస్తాను.

లిఫ్టులో ఇప్పుడు అమ్మని చూస్తే తలుపు మూసేస్తున్నారు. మూయకపోయినా ఆవిడకి లిఫ్టు పనికిరాదు. మూడు రోజులుగా మా ఇంటి రెండు మిషన్ల బకెట్లూ పట్టుకుని మెట్లు దిగుతోంది. మొదటి రోజు గేటు దగ్గర ఆవిడని చూడగానే పరిగెత్తాను. నాన్న పడిపోయింది సరిగ్గా అక్కడే.

"నేను తెస్తాను, నువ్వు మానెయ్," అని అరిచాను.

"అరవమాక. మీ నాన్న మిట్టమధ్యాహ్నం మోశాడు. నేను అయిదింటికే మోస్తున్నా. ఆయనకంటే ఆ మాత్రం తెలివుంది నాకు."

నిన్న గేటు బయట ఇంకో బకెట్ కనపడింది. ఎవరు పెట్టారో తెలియదు. పేరు లేదు. మూత మీద మాత్రం 'తాగరాదు' అని రాసుంది. ఈ రోజు కూడా ఆ ఒక్కటే ఉంది.

వేళ్ల చుట్టూ ఉన్న ఉప్పుని కిందికి దించాలంటే రెండు వేల నాలుగు వందల బకెట్లు కావాలి. రోజుకి మూడు. రెండేళ్ల పైమాటే. ఫాల్గుణానికి నాలుగు నెలలుంది. అమ్మకి ఈ లెక్క చెప్పాను. "అట్టాగా," అంది.

లంబసింగి నుంచి పిలుపు వచ్చింది. అది కూడా ఫాల్గుణంలోనే చేరమని. ఉత్తరం ఈ పుస్తకంలోనే పెట్టాను. జవాబు రాయలేదు.

పొద్దున ఏసోబు బాబాయి, నేను, అమ్మ చెట్టు దగ్గర నిలబడ్డాం. కడగడానికి ఏమీ లేకపోయినా ఆయన పొయ్యిలన్నీ కడిగి బోర్లించాడు. ఉయ్యాలలు గొలుసులతో కట్టేసి ఉన్నాయి. అమ్మ బకెట్లోంచి చెంబుతో ముంచుకుంది. చెట్టు మొదట్లోకి వంగి ఆగిపోయింది. పన్నెండేళ్ల అలవాటు, నోరు దానంతటదే తెరుచుకుంది.

"ఏమనాలే ఇప్పుడు?" అని నన్ను అడిగింది.

ఏసోబు బాబాయి వల వైపు చూస్తూ నిలబడ్డాడు.

అమ్మ చెంబు పక్కన పెట్టింది. బకెట్ని రెండు చేతులా ఎత్తి, మట్టి కొట్టుకుపోకుండా, అంచు మీంచి సన్నగా వంచింది.

"పున్నారావు బకెట్," అంది.

రాలిన రెమ్మలు: 118. మట్టిలో ఉప్పు: 7.9. వచ్చిన కుటుంబాలు: 1.